పిల్లల చేతి తీపి వంటకాలు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం

పొయ్యి దగ్గరి పని వరకే పెద్దల సాయం తీసుకొని, తక్కిన పనంతా ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు తామే చేసుకోగల తీపి పదార్థాలను ఈ వ్యాసంలో పిల్లల తీపి వంటకాలుగా పరిగణించడం జరిగింది. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు దీని పరిధి. వాడుకలో పాలమూరు అనిపించుకునే ఈ నేలకు పడమట, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ ఉంది. తూర్పున నల్లమల అడవి ఉంది. మధ్యలో ఉన్నది చాలావరకు వాన మీద ఆధారపడిన ఎర్రనేల, అక్కడక్కడ నల్లరేగడి. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పల్లి, నువ్వు, ఆముదం ఇక్కడి పాత పంటలు కాగా, కాలువలూ ఎత్తిపోతలూ వచ్చిన చోట వరి, పత్తి, మిరప పెరిగాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం జొన్న, ఆముదం పంటల మీద పనిచేయడానికి కారణం ఈ మెట్ట స్వభావమే. పిల్లలు చేసుకోగల తీపి ఏదన్న ప్రశ్నకు ఇక్కడి జవాబు కూడా ఈ పంటల్లోంచే వస్తుంది.

పిల్లలు వంటను ఆటగా ఆడుకోవడం తెలుగునాట పాత అలవాటు. చిన్న చిన్న పిడతల్లో ఉత్తుత్తి వంట వండి తోటివారికి వడ్డించే ఆటకు గుజ్జెనగూళ్ళు అని పేరు. పోతన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణించే చోట ఈ ఆట కనిపిస్తుంది. ఆటలో ఇసుకో మట్టో బియ్యమవుతుంది. నిజమైన దినుసులతో, నిజంగా తినదగినదాన్ని పిల్లలు చేసే సందర్భాలు మాత్రం పండుగలతోనూ, చేలతోనూ, బడి సెలవులతోనూ ముడిపడి ఉన్నాయి.

పాకం, దంపుడు

ఒక తీపి వంటకం పిల్లలకు సాధ్యమా కాదా అన్నది దానికి పట్టే సమయాన్ని బట్టి గాని, దినుసుల సంఖ్యను బట్టి గాని తేలదు. అందులో పాకం పట్టవలసి ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది. పాకమంటే బెల్లాన్నో చక్కెరనో కొద్ది నీళ్ళతో కాచి, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడనివ్వడం. నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి గాని, పాకంలో నీటి వంతు తగ్గే కొద్దీ దాని వేడి పెరుగుతూ పోయి, తీగ పాకం 110 డిగ్రీలు దాటాక, చల్లని నీళ్ళలో వేస్తే టప్పున విరిగే ముదురు పాకం సుమారు 150 డిగ్రీల దగ్గర వస్తుంది. పల్లీపట్టికి కావలసింది ఈ ముదురు పాకమే. మరిగే నీళ్ళు చేతి మీద పడితే జారిపోతాయి. పాకం అంటుకొని అక్కడే ఉండిపోయి లోతుగా కాలుస్తుంది. అందుచేత పల్లీపట్టి, బొరుగుల ఉండ, అరిసె వంటివి ఎంత ఇష్టమైనవైనా పిల్లల చేతికి ఇవ్వదగినవి కావు. పిల్లల వంటల పుస్తకాల్లో వాటిని సులభమైనవిగా చేర్చడం తొందరపాటే అవుతుంది.

పాకం లేకుండా పొడిని ముద్ద కట్టించే రెండో మార్గం దంపుడు. నూనె గింజలను రోట్లో దంచినప్పుడు వాటి కణాల గోడలు పగిలి లోపలి నూనె బయటికి వస్తుంది. బెల్లానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉండటం వల్ల అది కొద్దిగా జిగటగా మారుతుంది. ఈ రెండూ కలిసి పొడిని పట్టి ఉంచుతాయి. పల్లీల బరువులో దాదాపు సగం నూనే, నువ్వుల్లోనూ అంతే. కాబట్టి ఈ రెండింటికీ పాకం అక్కరలేదు, నెయ్యి కూడా అక్కరలేదు. పుట్నాల్లో, అంటే వేయించిన శనగల్లో, నూనె నూటికి ఐదారు వంతులకు మించదు. జొన్న పేలాల్లో ఇంకా తక్కువ. అందుకే పుట్నాల పొడి నెయ్యో పాలో పడితే తప్ప ఉండ కట్టదు, జొన్న పేలాల పిండి పిండిగానే మిగులుతుంది. నీటివసతి లేని మెట్ట నేలలో నూనె గింజలు ఎక్కువగా పండడం వల్ల ఈ ప్రాంతానికి దంపుడు తీపి సహజంగా అబ్బింది.

పల్లీలు, నువ్వులు, పుట్నాలు

వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట మార్కెట్లకు యాసంగిలో వచ్చే సరుకులో పల్లికాయది పెద్ద భాగం. కొన్ని ఊళ్ళలో వీటినే బుడ్డలంటారు. పల్లీ ముద్దలకు 200 గ్రాముల పల్లీలకు 100 గ్రాముల బెల్లం, నాలుగు యాలకులు సరిపోతాయి. పల్లీలను సన్నని మంట మీద వేయించడం పెద్దల పని. అవి గోరువెచ్చగా అయ్యాక పిల్లల పని మొదలవుతుంది: అరచేతుల మధ్యనో, నూలుగుడ్డలో మూటగట్టో నలిపితే పొట్టు ఊడుతుంది; చాటలో పోసి చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజలు మిగులుతాయి. చెరగడం చూడటానికి తేలికగా కనిపించినా మణికట్టుతో నేర్చుకోవలసిన విద్య. మొదట్లో పొట్టుతో పాటు గింజలూ నేలపాలవుతాయి గనుక కింద దుప్పటి పరచుకోవడం మేలు.

రోట్లో దంచేటప్పుడు పల్లీలు ముందు పలుకులవుతాయి, తర్వాత పొడవుతాయి, ఇంకా దంచితే పొడి రంగు ముదిరి రోటి అంచులకు అంటుకోవడం మొదలుపెడుతుంది. నూనె వదిలిందనడానికి అదే గుర్తు. అప్పుడు తరిగిన బెల్లం వేసి మళ్ళీ నాలుగు పోట్లు వేసి, గుప్పెట్లోకి తీసుకొని నొక్కి చూడాలి: వేళ్ళ గుర్తులు పడి ముద్ద నిలిస్తే పొడి సిద్ధమైనట్టు, పెళుసుగా రాలితే మరికాస్త దంచాలి. మిక్సీలో చేసేవారు ఆగి ఆగి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే బ్లేడు వేడికి నూనె ఎక్కువగా ఊరి, ముద్దకు బదులు గుజ్జు తయారవుతుంది. ఈ కొలతకు 30 గ్రాముల ముద్దలు పది వస్తాయి, ఒక్కొక్క దానిలో పది గ్రాముల బెల్లం ఉంటుంది.

నువ్వుల ముద్దల పద్ధతి కూడా ఇదే. వేయించిన నువ్వులనూ బెల్లాన్నీ కలిపి దంచితే వచ్చే ముద్దను చిమ్మిలి అంటారు. నాగుల పంచమికి పుట్టకు సమర్పించే నైవేద్యాల్లో ఇదొకటి. నువ్వు గింజ చిన్నది కావడం వల్ల రోకలి దెబ్బకు జారిపోతుంది గనుక, బెల్లాన్ని ముందే కలిపి దంచడం దీనిలోని మెలకువ. పుట్నాల లడ్డూకు పుట్నాల పొడి, దానిలో సగం చక్కెర పొడి, కోరిన కుడుక, అంటే ఎండుకొబ్బరి, కలిపి, కరిగించి చల్లార్చిన నెయ్యిని చెంచా చెంచాగా పోస్తూ ఉండ కట్టేంతవరకు కలపాలి. వేయించే పని కూడా లేనందున మూడింటిలో ఇదే అతి సులువైనది. రుచిలో మాత్రం పల్లీ ముద్దకు సాటి రాదు.

పండుగల పళ్ళెం

ఆషాఢ శుద్ధ ఏకాదశి, అంటే తొలి ఏకాదశి, నాడు తెలంగాణ పల్లెల్లో పేలాల పిండి తినడం ఆనవాయితీ. జొన్నలను బాగా కాగిన మంగలంలో కొద్దికొద్దిగా వేసి కలియబెడితే, గింజలోని తేమ ఆవిరై, గట్టి పైపొరను లోపలినుంచి నెట్టి పగలగొట్టడంతో గింజ పువ్వులా విచ్చుకుంటుంది. మంగలం దగ్గరి పని పెద్దలదే. విచ్చుకోని గింజలను ఏరివేయడం, పేలాలను విసరడమో దంచడమో, బెల్లం యాలకుల పొడి కలపడం పిల్లలు చేయగలరు. ఏరివేతను అశ్రద్ధ చేస్తే గట్టి గింజ పంటికి తగులుతుంది. ఈ పిండిని పొడిగానే నోట్లో పోసుకొని నవ్వినా మాట్లాడినా పొరపోతుంది కాబట్టి, చిన్నపిల్లలకు పాలతోనో నెయ్యితోనో తడిపి పెట్టడం మంచిది.

భాద్రపదంలో పెళ్ళికాని ఆడపిల్లలు ఆడుకునే బొడ్డెమ్మ, దాని వెంటనే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలయ్యే బతుకమ్మ, పిల్లల చేతి తీపికి అసలైన కాలం. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మకు తొమ్మిది రోజులకూ తొమ్మిది పేర్లు, ఆరో రోజుకు తప్ప రోజుకొక నైవేద్యం చెబుతారు. రోజుల పేర్లూ పదార్థాలూ ఊరూరికీ కొంత మారుతాయి గనుక అచ్చులో కనిపించే పట్టికలు అన్ని ఊళ్ళకూ వర్తించవు. వంట దృష్టితో చూస్తే ఈ నైవేద్యాల్లో కనీసం మూడు పిల్లలకు అందుబాటులో ఉన్నవే: రెండో రోజైన అటుకుల బతుకమ్మకు అటుకులూ బెల్లమూ, నాలుగో రోజైన నానబియ్యం బతుకమ్మకు నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం, ఎనిమిదో రోజైన వెన్నముద్దల బతుకమ్మకు నువ్వులు, వెన్న లేదా నెయ్యి, బెల్లం.

అటుకులు ధాన్యాన్ని నానబెట్టి వేడి చేసి అదిమినవి కాబట్టి అప్పటికే ఉడికినవాటి కింద లెక్క. వాటికి పొయ్యి అక్కరలేకపోవడం అందుకే. పలుచని అటుకులైతే కడగకుండా, సన్నగా తరిగిన బెల్లమూ కోరిన పచ్చికొబ్బరీ కలిపి ఐదు నిమిషాలు మూతపెడితే చాలు, కొబ్బరి తడికే మెత్తబడతాయి. మందపు అటుకులను జల్లెడలో పోసి ఒక్కసారి నీళ్ళలో ముంచి తీయాలి. ఎక్కువసేపు ఉంచితే సంకటిలా అవుతాయి. రెండు గిన్నెల అటుకులకు ముప్పావు గిన్నె బెల్లం, అర గిన్నె కొబ్బరి సాధారణ కొలత. నానబియ్యానికి రెండు మూడు గంటలు నానిన బియ్యాన్ని నీళ్ళు వంపి, గుడ్డ మీద తడి ఆరనిచ్చి, బెల్లంతో కలపడమో, దంచి ముద్ద చేయడమో ఉంటుంది. ఇది పచ్చి బియ్యం గనుక చేసిన పూటే తినాలి.

సద్దుల నాడు, అంటే చివరి రోజున, బతుకమ్మను నీళ్ళలో వదిలాక పంచుకునే మలీద, సత్తు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. మక్కలు, పల్లీలు, నువ్వులు వంటివాటిని వేయించి విడివిడిగా పొడి చేసి చక్కెరో బెల్లమో కలిపితే సత్తు అవుతుంది. మలీద అంటే రొట్టెను చిదిపి బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద. ఇది ఈ ప్రాంతంలో పీర్ల పండుగకూ, అంటే మొహర్రానికీ, నైవేద్యమే. హిందువులు, ముస్లింలు కలిసి పీర్లను ఎత్తే పాలమూరు పల్లెల్లో రెండు పండుగల పళ్ళేల్లోనూ ఒకే పదార్థం ఉంటుంది. రొట్టె కాల్చడం పెద్దలు చేసి ఇస్తే, అది గోరువెచ్చగా ఉండగానే పిల్లలు వేళ్ళతో చిదపాలి. చల్లారితే గట్టిపడి తునకలు పెద్దవిగా మిగులుతాయి. గోధుమ రొట్టెలో బంక గుణం ఉండటం వల్ల రెండు చెంచాల నెయ్యితో ముద్ద కడుతుంది. జొన్నకు ఆ గుణం లేదు కాబట్టి జొన్న రొట్టె మలీదకు నెయ్యీ బెల్లమూ కొంచెం ఎక్కువ పడతాయి, ముద్ద కూడా తొందరగా విడిపోతుంది. అయినా జొన్న మలీదలో ఉండే కమ్మని కాలిన వాసన గోధుమ మలీదకు రాదు.

శ్రీరామనవమి పానకం వంటకమనిపించుకోదు గాని పిల్లల చేతికి మొదట ఇవ్వదగినది అదే: లీటరు నీళ్ళలో 100 నుంచి 150 గ్రాముల బెల్లం కరిగించి, వడగట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి కలపడంతో పని ముగుస్తుంది.

పండ్లు, చింతపండు, తేనె

పెద్దలు నేర్పకుండానే, చాలాసార్లు వద్దన్నా, పిల్లలు చేసుకునేది చింతపండు ముద్ద. గింజ తీసిన చింతపండులో అంతే బెల్లం, చిటికెడు ఉప్పు, జీలకర్ర, కాస్త కారం వేసి, చదునైన రాయి మీద మరో రాయితో నూరి, పుల్లకు గుచ్చి చప్పరిస్తారు. కన్నడనాట దీన్ని చిగళి అంటారు. రాయచూరుకు ఆనుకొని ఉన్న నడిగడ్డ వైపు ఈ రుచి కొత్తది కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లపు పులుపు బెల్లపు తీపిని మరుగుపరచడం వల్ల ఎంత తిన్నా వెగటు పుట్టదు, నాలుక మంటపుట్టే దాకా ఆగరు. ఆ రాతిని కడిగి ఇవ్వడం మినహా పెద్దలు ఇందులో కల్పించుకోనవసరం లేదు.

సంక్రాంతి తర్వాత రేగుపండ్లతో చేసే రేగి వడలు కూడా ఈ కోవలోవే. పండిన రేగుపండ్లను కడిగి ఆరబెట్టి, గింజలు పగలకుండా పైపైన దంచి, బెల్లం, ఉప్పు, జీలకర్ర, మిరపపొడి కలిపి, బిళ్ళలుగా తట్టి మూడు నాలుగు రోజులు ఎండబెడతారు. నిప్పు చేసే పనిని ఇక్కడ ఎండ చేస్తుంది. తేమ పోవడం, బెల్లమూ ఉప్పూ ఉండటం వల్ల బూజు పట్టవు.

పండ్లలో ఈ నేల గర్వించదగినది సీతాఫలం. దేశమంతటా తోటల్లో పెంచే బాలానగర్ రకానికి ఆ పేరు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ నుంచే వచ్చింది. దసరా రోజుల్లో గుట్టల మీద కాసే ఈ పండు గుజ్జును చేతితో జల్లెడ మీద రుద్ది గింజలు వేరు చేసి, కాచి పూర్తిగా చల్లార్చిన పాలలో కలిపితే చక్కెర లేకుండానే తీపి చేసినట్టవుతుంది. గింజలు నలగకూడదు, వాటి పొడి కంటిలో పడితే హాని చేస్తుంది, ఆ గింజలు తినదగినవీ కావు. వేసవిలో కొల్లాపూర్ మామిడి ఇదే పాత్ర వహిస్తుంది: గుజ్జును పళ్ళెంలో పలుచగా పరిచి ఎండలో పొర మీద పొర ఆరబెడితే తాండ్ర. దానికి ఓపిక కావాలి గనుక పిల్లలు సాధారణంగా రెండో పొర దాకా రాకుండానే పళ్ళెం ఖాళీ చేస్తారు.

నల్లమలలో అమ్రాబాద్, లింగాల వైపు చెంచులు సేకరించే తేనె బెల్లానికి బదులుగా పేలాల్లోనూ అటుకుల్లోనూ వాడదగినదే. తేనె ద్రవం కావడం వల్ల ముద్ద కట్టడం ఇంకా సులువు. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు; అందులో ఉండగల బొటులినం సూక్ష్మజీవి బీజాలు వారి పేగుల్లో విషాన్ని పుట్టించవచ్చు.

బడి, అంగన్‌వాడీ, ఫోను

చేతిపనితో చదువు చెప్పాలన్న ఆలోచన వంటను కూడా పాఠంగా చూసింది. 1907లో రోమ్‌లో బాలల గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి పోయడం, గింజలు వేరు చేయడం వంటి నిత్యజీవిత అభ్యాసాలను చిన్నపిల్లల చదువులో భాగం చేశారు; ఆమె 1939లో భారతదేశానికి వచ్చి మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీమ్ కూడా చేతిపనినే కేంద్రంగా పెట్టుకుంది. ఈనాటి పాఠశాలల్లో నిప్పు లేని వంట పేరుతో జరిగే పోటీలకు ఈ భావాల నీడ కొంత ఉన్నా, వాటిలో కనిపించేవి ఎక్కువగా బిస్కెట్ల పొడి, చాక్లెట్ పాకం, రంగు చక్కెరలే. పల్లీలు రాశులుగా వచ్చే మార్కెట్ పక్కనున్న బడిలో పిల్లలు బిస్కెట్ కేకు చేసి బహుమతి తీసుకోవడం విడ్డూరంగా తోచినా, బిస్కెట్‌లో కొవ్వు, చక్కెర ముందే ఉండటం వల్ల అది పాలతో తడపగానే ముద్ద కడుతుందన్న సౌలభ్యాన్ని కాదనలేము. 2020 లాక్‌డౌన్ నాటి సెలవుల్లో ఫోను వీడియోలు చూసి ఈ కేకును కుక్కర్‌లో చేసిన ఇళ్ళు తెలుగునాట కోకొల్లలు.

అంగన్‌వాడీల్లో మూడేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిపిన పిండి. దాన్ని గోరువెచ్చని నీళ్ళతోనో నెయ్యితోనో కలిపి లడ్డూ చేయడం ఇంట్లోని పెద్దపిల్లలకు అలవాటైన పని. అది తమ్ముడిదో చెల్లెలిదో అన్న సంగతి లడ్డూ చేసేవారికి గుర్తుండాలి.

ఇతర దేశాల పిల్లల తీపిలోనూ పాకాన్ని తప్పించుకునే ఉపాయమే కనిపిస్తుంది. 1939లో అమెరికాలో కెలాగ్స్ సంస్థలో రూపొందిన బొరుగుల బిళ్ళల్లో మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయిని వెన్నతో కొద్ది వేడికే కరిగించి పాకం స్థానంలో వాడతారు. స్వీడన్ పిల్లలు చేసే చాక్లెట్ ఉండల్లో ఓట్లు, వెన్న, చక్కెర, కోకో పొడిని చేత్తో కలిపి కొబ్బరి పొడిలో దొర్లిస్తారు. అక్కడ వెన్న చేసే పనిని పాలమూరు ముద్దలో పల్లీ నూనె చేస్తుంది.

ఈ ప్రాంతంలో పిల్లల వంటను గురించి రాసేటప్పుడు ఇంకొక మాట దాచకూడదు. పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబై, పుణె వంటి దూర నగరాలకు వలస వెళ్ళగా, ఊళ్ళో అవ్వతాతల దగ్గర మిగిలిన పిల్లలు సరదాకు కాక అవసరానికే పొయ్యి దగ్గర చేరారు. గద్వాల పరిసరాల విత్తన పత్తి చేలలో పూలను సంకరం చేసే పనికి బాలలను, అందులోనూ ఆడపిల్లలను, దించిన కాలం కూడా ఉంది. ఆ పని ముమ్మరంగా సాగే రోజులూ బతుకమ్మ రోజులూ ఒకటే. వంట పిల్లలకు ఆట కావాలంటే అది వారి మీద పడిన ఇంటి బాధ్యత కాకూడదు. మగపిల్లలను కూడా రోటి దగ్గర కూర్చోబెట్టినప్పుడే ఆ తేడా నిలుస్తుంది.

జాగ్రత్తలు, నిలవ

ఆరేళ్ళు నిండకముందే, నాలుగైదేళ్ళ వారు కూడా ఏరడం, నలపడం, కలపడం చేయగలరు. ఏడెనిమిదేళ్ళకు కొలవడం, దంచడం వస్తుంది. కత్తి, మిక్సీ, పొయ్యి పదేళ్ళు దాటాక, అదీ పెద్దలు పక్కన ఉండగానే. పల్లీల్లో ముడుతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. తేమ తగిలిన కాయల్లో పెరిగే ఆస్పర్జిల్లస్ అనే బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి చెరుపు చేస్తుంది. ఐదేళ్ళ లోపు వారికి పల్లీలు గింజలుగా పెట్టకూడదు, గొంతులో అడ్డుపడవచ్చు. పొడిగా దంచిన ముద్దలో ఆ ప్రమాదం తక్కువ.

బెల్లం చక్కెర కంటే మేలన్న నమ్మకం ఎంత బలంగా ఉన్నా, అందులోనూ అధిక భాగం చక్కెరే. ఇనుము ఉన్న మాట నిజమే గాని ఒక ముద్దతో రక్తహీనత తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 సూచనల ప్రకారం విడిగా చేర్చిన చక్కెరలు రోజు మొత్తం శక్తిలో పదోవంతుకు మించరాదు; రోజుకు 1500 కిలోకెలరీలు తినే పిల్లకు అది 37 గ్రాముల దగ్గర తేలుతుంది. పై కొలతతో చేసిన పల్లీ ముద్దలు రెండు తింటే 20 గ్రాముల బెల్లం, అంటే ఆ రోజు వాటాలో దాదాపు సగం, లోపలికి పోయినట్టే.

నిలవ విషయంలో తేమే అన్నిటినీ నిర్ణయిస్తుంది. తేమ లేని పల్లీ, నువ్వుల ముద్దలు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో రెండు వారాలు ఉంటాయి, ఆ తర్వాత నూనె కారు వాసన వేస్తుంది. పేలాల పిండి వానాకాలపు గాలికి రెండు మూడు రోజుల్లోనే మెత్తబడుతుంది. రేగి వడలు బాగా ఎండితే వచ్చే రేగుపండ్ల కాలం దాకా ఉంటాయి. పచ్చికొబ్బరి కలిసిన అటుకులు, పాలు కలిసిన సీతాఫలం గుజ్జు, రొట్టె మలీద మాత్రం చేసిన పూటే ముగించవలసినవి.